ఊరి చరిత్ర మీద గొడవొస్తే

రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తెలుగు వికీపీడియాలో మీ ప్రాంతం గురించి నాలుగు పేరాలు రాశారు. తెల్లారి ఫోన్ తీసి చూస్తే రెండు పేరాలు లేవు. మూడో పేరాలో ఒక ఊరి పేరు మారిపోయింది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో "మూలం లేదు" అని రెండు ముక్కలు రాసి పోయారు. ఒళ్ళు మండదా? "మా ఊరి సంగతి నాకు తెలుసా, ఆయనకు తెలుసా?" అనిపించదా? అనిపిస్తుంది. ఆ మంటలోనే మీరు 'రద్దుచెయ్యి' నొక్కుతారు. అవతలివాళ్ళూ నొక్కుతారు. సాయంత్రానికి పేజీ చిందరవందర అవుతుంది, ఇద్దరూ అలిగి వెళ్ళిపోతారు. నష్టపోయేది మాత్రం రేపు ఆ పేజీ తెరిచే పదో తరగతి పిల్లవాడు.

గొడవ అంతదాకా పోకుండా ఎలా చూసుకోవాలి? ఒకవేళ పోతే వెనక్కి ఎలా లాక్కురావాలి? ఈ అధ్యాయంలో మాట్లాడుకునేది ఇదే. ఉదాహరణలన్నీ పల్నాడు నుంచే, అందులోనూ దాచేపల్లి చుట్టుపక్కల నుంచే ఎక్కువగా తీసుకుంటున్నాను. పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్ళు దాటినా, అందులో ఎదురెదురుగా నిలిచిన బ్రహ్మనాయుడిది న్యాయమా, నాయకురాలు నాగమ్మది న్యాయమా అని ఇప్పటికీ అరుగుల మీద వాదించుకునే నేల ఇది. ఏటా కార్తీక మాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ యుద్ధ కథలోని వీరులు ఇక్కడ కొలుపులు అందుకునే దేవుళ్ళు కూడా. ఇంత వేడి ఉన్న చోట పనికొచ్చే పద్ధతి మీ ఊళ్ళోనూ పనికొస్తుంది.

ఒక్క సంగతి మొదటే మనసులో పెట్టుకోండి. 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. అప్పటినుంచి ఇప్పటిదాకా అక్కడ జీతం తీసుకుని తీర్పు చెప్పే సంపాదకుడంటూ లేడు. నిర్వాహకులు ఉన్నారు. వాళ్ళూ మీలాగే ఉద్యోగం, వంట, పిల్లల చదువులు చూసుకుని మిగిలిన సమయంలో వచ్చేవాళ్ళే. ఏది చరిత్ర, ఏది కాదు అని నిర్ణయించే అధికారం వాళ్ళకు లేదు. కాబట్టి గొడవ తీర్చాల్సింది గొడవపడ్డవాళ్ళే. ఎలాగో చూద్దాం.

1. ముందు 'చరిత్ర' ట్యాబు చదవండి

ప్రతి వ్యాసం పైనా 'చరిత్ర' అని ఒక ట్యాబు ఉంటుంది. ఆ పేజీలో ఎవరు, ఏ రోజు, ఏ గంటకు, ఏ అక్షరం మార్చారో అన్నీ అక్కడ ఉంటాయి. మీ పేరా పోయిందనిపించగానే చెయ్యాల్సిన మొదటి పని అది తెరవడం. చాలాసార్లు మీరు ఊహించుకున్న శత్రువు అక్కడ కనబడడు. పేరా పూర్తిగా పోయి ఉండదు, వేరే విభాగంలోకి మారి ఉంటుంది. లేదా మీరు ఒక దినపత్రిక నుంచి యథాతథంగా ఎక్కించిన వాక్యాలను కాపీహక్కుల కారణంగా తీసేసి ఉంటారు. అలాంటప్పుడు తప్పు సరిదిద్దుకుని సొంత మాటల్లో మళ్ళీ రాస్తే సరిపోతుంది. వాదనే అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, దిద్దుబాటు సారాంశం చదవకుండానే వెనక్కి తిప్పడం. ఆ చిన్న పెట్టెలో అవతలివాళ్ళు రాసిన నాలుగు మాటలే మీకు దొరికే మొదటి సమాచారం. మీరు మార్పు చేసేటప్పుడు దాన్ని ఖాళీగా వదలడం కూడా అంతే పొరపాటు. కారణం చెప్పకుండా ఒకరి రాత తీసేస్తే ఎవరికైనా పొగరుగానే కనిపిస్తుంది.

2. గొడవ ఏ వాక్యం మీదో తేల్చండి

"వీళ్ళు మా పల్నాడు చరిత్రను వక్రీకరిస్తున్నారు." ఇది కోపం. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి పేరు అన్నది ఇందులో లేదు కాబట్టి దీనికి పరిష్కారం ఉండదు. ఏ పేరాలో, ఏ వాక్యంలో, ఏ మాట దగ్గర మీకూ ఆయనకూ తేడా వచ్చింది? అక్కడ వేలు పెట్టి చూపించగలిగితే సగం పని అయినట్టే.

నాగమ్మ సంగతే తీసుకుందాం. ఒకరు ఇలా రాశారనుకోండి: "నాయకురాలు నాగమ్మ దాచేపల్లి మండలం గామాలపాడులో జన్మించింది." ఇంకొకరు వచ్చి గామాలపాడు కొట్టేసి "పాత కరీంనగర్ జిల్లా ఆరవెల్లి" అని పెట్టారు. మొదటివారు మళ్ళీ గామాలపాడు చేశారు. ఇలా నాలుగు రోజులు సాగింది. బయటినుంచి చూస్తే ఇది ఆంధ్రా, తెలంగాణ గొడవలా కనిపిస్తుంది. చర్చలోకి అలాంటి మాటలే దిగుతాయి కూడా.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యాన్ని విప్పి చూడండి. అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఆమె ఎక్కడ పుట్టింది? ఎక్కడ పెరిగి, ఏ ఊరి మనిషిగా పేరు తెచ్చుకుంది? కథలో వినిపించే జిట్టగామాలపాడు ఇవాళ మన మ్యాపులో ఉన్న ఏ ఊరు? ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం ఆమె కుటుంబం ఆరవెల్లి నుంచి వచ్చి పల్నాడులోని జిట్టగామాలపాడులో స్థిరపడింది. అంటే ఆ ఇద్దరిలో ఒకరు పుట్టుక గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు ఎదుగుదల గురించి మాట్లాడుతున్నారు. ఇద్దరి ఊళ్ళకూ వ్యాసంలో చోటుంది. తగువంతా 'జన్మించింది' అనే ఒక్క క్రియ తెచ్చిపెట్టింది.

దిద్దిన వాక్యం ఇలా ఉండొచ్చు: "ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం నాగమ్మ కుటుంబం ఆరవెల్లి నుంచి పల్నాడులోని జిట్టగామాలపాడుకు వచ్చింది." పక్కనే ఆ కథనం అచ్చయిన పుస్తకం పేరు, పేజీ సంఖ్య. మూడో ప్రశ్న మిగిలింది కదా? ఆ ఊరే నేటి గామాలపాడు అని ఎవరైనా పరిశోధకులు అచ్చులో రాసి ఉంటే, వాళ్ళ పేరు చెప్పి ఇంకో వాక్యం చేర్చండి. రాయలేదా? ఆ వాక్యాన్ని ప్రస్తుతానికి వదిలేయండి. పేరు కలిసింది కాబట్టి ఊరూ అదే అని మనంతట మనం తేల్చడాన్ని వికీపీడియాలో మౌలిక పరిశోధన అంటారు, అది నిషిద్ధం. మీ ఊహ నిజమే కావచ్చు. దాన్ని ముందు ఒక పత్రికలోనో పుస్తకంలోనో వ్యాసంగా రాసి వాదించండి. వికీపీడియా ఆ తర్వాత మెట్టు.

3. ఏ ఆధారం ఏ మాట చెప్పగలదో తెలుసుకోండి

ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. నా అనుభవంలో పల్నాడు పేజీల మీద తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. "మూలం ఉంది" అని ఇద్దరూ అంటారు, ఇద్దరి దగ్గరా నిజంగానే ఉంటుంది. ఒకరిది కావ్యం, ఒకరిది శాసనం, ఇంకొకరిది సినిమా. మూడింటినీ ఒకే తూకం వేస్తే తగువు తెగదు.

ముందు కావ్యం. పల్నాటి వీరచరిత్రను ద్విపదలో రాసినవాడిగా శ్రీనాథుడికి పేరు. ఆయన 15వ శతాబ్దం కవి. యుద్ధం 12వ శతాబ్దం చివరిది. మధ్యలో రెండున్నర వందల ఏళ్ళ దూరం ఉంది. పైగా శ్రీనాథుడి పేరుతో మనకు దొరికిన భాగంలో బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి యుద్ధమే ప్రధానం. మిగతా కథను తర్వాతి కవులూ చెప్పారు. కాబట్టి కథలోని కోడిపందెం నుంచి కారంపూడి యుద్ధం దాకా ప్రతి ఘట్టానికీ "శ్రీనాథుడు రాశాడు" అని మూలం పెట్టేస్తే తప్పు. ఏ కవి, ఏ ముద్రణ, ఎవరి పరిష్కరణ అన్నది చూడాలి. ఈ కావ్యాన్ని పరిష్కరించి 1911లో అచ్చువేయించింది పల్నాటి మనిషే, అక్కిరాజు ఉమాకాంతం. ఆ ముద్రణకు రాసిన పీఠిక వేరు, కావ్యపాఠం వేరు. పీఠికలోని మాటను కావ్యంలోని మాటగా చూపించేవాళ్ళు తరచూ కనిపిస్తారు. పేజీ సంఖ్య ఇవ్వాలని పట్టుబట్టేది అందుకే.

తర్వాత, పాడే కథ. వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చిన పల్నాటి వీరుల కథ ఇంకో సంప్రదాయం. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను అమెరికా పరిశోధకుడు జీన్ రోఘైర్ రికార్డు చేసి, ఇంగ్లిష్‌లోకి అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చారు. ఎంత గొప్ప సంగతి చూడండి! పల్నాటి గాయకుడి నోట ఉన్న కథ ఇవాళ ప్రపంచంలో ఎవరైనా పేజీ సంఖ్యతో సహా చూపించగల మూలం. "నోటి మాటకు విలువ లేదు" అని మీతో ఎవరైనా అంటే ఈ పుస్తకం పేరు చెప్పండి. అయితే అది చెప్పేది 'కథలో ఇలా ఉంది' అన్నంత వరకే. 'చరిత్రలో ఇలా జరిగింది' అనడానికి అదొక్కటే చాలదు.

మూడోది కైఫీయతులు. 1800 తర్వాత తొలి ఏళ్ళలో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కోసం ఊరూరా తిరిగి కరణాల నుంచి, పెద్దల నుంచి రాయించిన గ్రామ వృత్తాంతాలు ఇవి. ఆ రోజు ఊళ్ళో జనం తమ గురించి ఏమనుకునేవారో ఇవి బాగా చెబుతాయి. అంతకు ఆరు వందల ఏళ్ళ ముందు ఏం జరిగిందో చెప్పడానికి వాటిని నేరుగా వాడకూడదు. "ఫలానా గ్రామ కైఫీయతు ప్రకారం" అని మొదలుపెట్టి రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ నాలుగు మాటలు కొట్టేస్తే మాత్రం గొడవ ఖాయం.

నాలుగోది శాసనాలు. దక్షిణ భారత శాసన సంపుటాల్లో పదోది పూర్తిగా తెలుగు శాసనాలది, 1948లో వచ్చింది. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటాలు ఉన్నాయి. పురావస్తు శాఖ ఏటా తెచ్చిన శాసన నివేదికలూ ఉన్నాయి. మీ ఊరి గుడి గోడ మీద రాయి ఉందా? శుభ్రంగా ఫోటో తీసి వికీమీడియా కామన్స్‌లో ఎక్కించండి. హైదరాబాదులోనో అట్లాంటాలోనో కూర్చున్నవాళ్ళు చెయ్యలేని పని అది, మీరే చెయ్యాలి. కానీ ఆ అక్షరాలను మీరే చదివి, మీరే అర్థం చెప్పి వ్యాసంలో రాయకండి. శాసన పరిష్కర్త ప్రచురించిన పాఠాన్నే వాడండి. పాత తెలుగు లిపిలో ఒక అక్షరం తప్పు చదివితే శక సంవత్సరమే మారిపోతుంది.

ఇక సినిమా. పల్నాటి యుద్ధం రెండుసార్లు సినిమాగా వచ్చింది. గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టి మధ్యలోనే కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ పూర్తిచేసిన 1947 నాటి సినిమాలో నాగమ్మగా కన్నాంబ నటించారు. 1966 సినిమాలో భానుమతి నటించారు. మన అమ్మమ్మల తరానికి నాగమ్మ అంటే కన్నాంబే, తర్వాతి తరానికి భానుమతే. వాళ్ళ నటన అంత బలంగా నాటుకుపోవడం వల్లే, సినిమాలో రాసుకున్న సంభాషణ చరిత్రలో అన్న మాటగా పేజీల్లోకి వచ్చేస్తుంది. సినిమాను సినిమా గురించిన వ్యాసంలో మాత్రమే మూలంగా పెట్టండి.

చివరగా దినపత్రికల కథనాలు. ఉత్సవాల సమయంలో వచ్చే ప్రత్యేక కథనాల్లో మంచివి ఉంటాయి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. కథనం వచ్చిన తేదీని, అదే వాక్యం వికీపీడియాలో చేరిన తేదీని 'చరిత్ర' ట్యాబులో పోల్చి చూడండి. వికీపీడియాలో మూలం లేకుండా 2015లో చేరిన వాక్యం 2018లో పత్రికలో కనిపించి, 2019లో ఆ పత్రికనే మూలంగా చూపిస్తే ఏమైనట్టు? మన మాటకు మనమే సాక్ష్యం చెప్పుకున్నట్టు.

ఇన్ని పుస్తకాలు దాచేపల్లిలో కూర్చుంటే ఎక్కడ దొరుకుతాయని అడుగుతారా? పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. తెలుగు వికీసోర్స్‌లో కొన్ని ఉన్నాయి. కాగితం మీదే చూడాలంటే గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పెట్టింది పేరు. ఒక్కరోజు వెళ్ళి, కావలసిన పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకొస్తే ఏడాదిపాటు చర్చల్లో మీ మాటకు బలం ఉంటుంది.

4. కులం మాట వచ్చినచోట రెండింతలు నెమ్మదించండి

దాచుకోవాల్సిన సంగతి కాదిది. తెలుగువాళ్ళ చరిత్ర పేజీల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు మారేది రాజుల కులం. శ్రీకృష్ణదేవరాయలు మావాడంటే మావాడని ఎన్ని వర్గాలు వాదిస్తాయో మీకు తెలుసు. పల్నాడులో ఆ పట్టింపు బ్రహ్మనాయుడి దగ్గర, నాగమ్మ దగ్గర వస్తుంది. ఒకరిని పొగిడే విశేషణం చేర్చడం, రెండోవారికి ఒక తిట్టు తగిలించడం. 'కుటిల', 'మహనీయ' లాంటి మాటలు పేజీలో కనబడితే, అవి ఏ వైపువైనా సరే, రెండూ తీసేయండి. ఒక వైపువి మాత్రమే తీస్తే మీరు తటస్థంగా ఉన్నారని ఎవరూ నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా.

పేరు కలిసింది కదా అని వంశాలు కలపడం ఇక్కడ పెద్ద పొరపాటు. రామప్ప గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు. రాచకొండను ఏలినవారు రేచర్ల పద్మనాయకులు. బ్రహ్మనాయుడికీ రేచర్ల పేరే చెబుతారు. మూడు చోట్లా రేచర్ల కనబడింది కాబట్టి ముగ్గురూ ఒకే కుటుంబం, ఒకే కులం అని వంశవృక్షం గీసేస్తే? రుద్రుడి వంశమైన రేచర్ల రెడ్లను, రేచర్ల పద్మనాయకులను చరిత్రకారులు వేర్వేరు వంశాలుగానే చూస్తారు. చరిత్రకారులు విడదీసినదాన్ని మనం కలపకూడదు.

మరి కులం ప్రస్తావనే వద్దా? అలా అనను. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ కలిపి కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాధిపతిని చేశాడని పల్నాటి కథ చెబుతుంది. ఆ కథకు గుండెకాయే ఆ ఘట్టం. కులం పేరు తీసేసి దాన్ని ఎలా చెప్పగలం? పెడితే కథకు ఏమి అర్థం వస్తుంది, తీస్తే ఏమి పోతుంది అని ప్రతిసారీ అడగండి. నేటి మనిషి గొప్ప కోసం పెట్టిన కులం పేరు తీసేసినా వ్యాసానికి ఏ లోటూ రాదు.

5. చర్చ పేజీలో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడండి

ప్రతి వ్యాసానికీ ఒక చర్చ పేజీ ఉంటుంది. అక్కడ ఒకే సంగతిని రెండు రకాలుగా రాయొచ్చు. మొదటిది చూడండి:

"చరిత్ర తెలియనివాళ్ళు దయచేసి పల్నాడు గురించి రాయొద్దు. కారంపూడి ఎక్కడుందో కూడా తెలియనివాళ్ళు మాకు నీతులు చెబుతున్నారు."

రెండోది:

"నమస్తే అండీ. మూడో పేరాలో యుద్ధం జరిగిన సంవత్సరం గురించి. మీరు చేర్చిన సంవత్సరానికి మూలం కనబడలేదు. నా దగ్గరున్న పుస్తకంలో వేరే సంవత్సరం ఉంది, పుస్తకం పేరు, పేజీ కింద ఇస్తున్నాను. మీరు చూసిన పుస్తకం వివరాలు కూడా ఇస్తే రెండు అభిప్రాయాలూ రాద్దాం. వారం రోజులు చూస్తాను."

రెండోదానికి జవాబు వస్తుంది. అందులో ఏమేమి ఉన్నాయో గమనించారా? వాక్యం ఎక్కడుందో చెప్పారు. తన ఆధారం ముందు తానే చూపించారు. అవతలివారికీ ఏదో పుస్తకం ఉండే ఉంటుందని నమ్మారు. గడువు పెట్టారు. వ్యాసంలో తుది వాక్యం ఎలా ఉండబోతోందో కూడా సూచించారు. పల్నాటి యుద్ధ కాలాన్ని 1170ల చివర నుంచి 1180ల మొదటి ఏళ్ళ దాకా రకరకాలుగా చెప్పినవాళ్ళున్నారు. అలాంటప్పుడు ఒక్క సంవత్సరాన్ని గెలిపించాల్సిన పనేముంది? ఎవరు ఏ సంవత్సరం చెప్పారో రాస్తే పాఠకుడికి రెండు సంగతులూ తెలుస్తాయి.

జవాబు రాకపోతే? మీరు చెప్పిన వారం గడిచాక, చెప్పిన మార్పే చేసి, "చర్చ పేజీ చూడండి" అని దిద్దుబాటు సారాంశంలో రాయండి. చెప్పినదానికంటే ఒక్క మాట ఎక్కువ మార్చకండి.

ఇంట్లోవాళ్ళతో ఇంకో రకం చర్చ ఉంటుంది. "ఏరా అబ్బాయ్, మా తాత చెప్పింది అబద్ధమంటావా?" అని మీ పెదనాన్న నిలదీస్తారు. అబద్ధమని మీరు అనలేదు. ఆయన మాటను రికార్డు చేసి పెట్టండి. పేర్లు, ఊళ్ళు, తేదీలు రాసుకోండి. జానపద విజ్ఞానం మీద పనిచేసే అధ్యాపకులెవరికైనా అందించండి. అచ్చయిన రోజున అది మూలం అవుతుంది. గాలెయ్య పాట విషయంలో జరిగింది అదే కదా.

6. జిల్లా పేర్లు, తేదీలు

ఇది చిన్న సంగతే, త్వరగా చెప్పేస్తాను. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, నరసరావుపేట కేంద్రంగా. అంతకుముందు దాచేపల్లి గుంటూరు జిల్లాలో ఉంది. ఆ గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. దానికి ముందు పల్నాడు తాలూకా కృష్ణా జిల్లాలో ఉండేది. మరి 1889లో పల్నాడులో పుట్టిన అక్కిరాజు ఉమాకాంతం ఏ జిల్లావారు? 'కృష్ణా', 'గుంటూరు', 'పల్నాడు' అని ముగ్గురు మూడు పేర్లు పెడితే ముగ్గురూ ఏదో ఒక కాలానికి సరైనవారే. "అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా (నేటి పల్నాడు జిల్లా)" అని రాసి ముందుకు పొండి.

కన్నెగంటి హనుమంతు పేజీలోనూ ఇదే పద్ధతి. పుల్లరి (పశువుల మేత పన్ను) సత్యాగ్రహంలో ఆయన పోలీసు కాల్పులకు బలైంది 1922 ఫిబ్రవరిలో. రోజు దగ్గర ఒక పుస్తకంలో ఒకటి, ఇంకో పుస్తకంలో ఇంకొకటి కనిపిస్తే, నెల, సంవత్సరం వ్యాసంలో ఉంచి, రోజుల తేడాను కింద గమనికలో పుస్తకాల పేర్లతో చెప్పండి. అలాంటి త్యాగమూర్తి పేజీని తేదీ కోసం రోజుకు పదిసార్లు తిరగేయడం ఆయన పట్ల మర్యాద కాదు.

నాగార్జునకొండ లాంటి చోట్ల మీకు పని సులువు. 1926లో ఆ స్థలం వెలుగులోకి వచ్చింది. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా పెద్దఎత్తున తవ్వకాలు జరిగాయి. నివేదికలు అచ్చులో ఉన్నాయి. నివేదిక ఉన్నచోట తగువు తక్కువ.

7. మూడో మనిషిని పిలవడం నామోషీ కాదు

ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్ల కంటే ఎక్కువ ఎదుటివారి మార్పులను వెనక్కి తిప్పకూడదని వికీపీడియాలో నియమం ఉంది. నా సలహా ఇంకా కఠినమైనది. ఒక్కసారి తిప్పారు, అవతలివారు మళ్ళీ పెట్టారు. ఇక చెయ్యి తీసేసి చర్చ పేజీకి వెళ్ళండి. మూడు దాకా ఆగడం ఎందుకు?

చర్చ పేజీలో తెగకపోతే, తెలుగు వికీపీడియాలో అందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో రాయండి. ఎలా రాయాలి? "ఫలానావారు నన్ను వేధిస్తున్నారు" అని కాకుండా, "ఈ వాక్యం మీద మాకు ఏకాభిప్రాయం రాలేదు, రెండు వైపుల మూలాలు ఇవి, చూసి చెప్పండి" అని. అవతలివారి వాదనను కూడా వాళ్ళు ఒప్పుకునేంత న్యాయంగా మీరే రాయగలిగితే, సగం మంది అక్కడే మీ మాట వింటారు. అప్పటికీ ఆగకపోతే నిర్వాహకులు పేజీని కొంతకాలం సంరక్షిస్తారు. ఇంగ్లిష్ వికీపీడియాలో బాగా వివాదం ఉన్న కొన్ని పేజీల్లో 500 దిద్దుబాట్లు, 30 రోజుల అనుభవం ఉన్న ఖాతాలే రాయగలిగేలా కట్టడి చేస్తారు. అది కొత్తవాళ్ళ మీద కక్ష కాదు. కోపంలో అప్పటికప్పుడు ఖాతా తెరిచి వచ్చేవాళ్ళను కొంత ఆపడానికి.

ఒక పని మాత్రం ఎప్పటికీ చెయ్యకండి. వాట్సాప్ గ్రూపులో "మన పేజీని పాడుచేస్తున్నారు, అందరూ వెళ్ళి మార్చండి" అని పిలుపునివ్వడం. ఇరవైమంది కొత్త ఖాతాలతో వచ్చి అదే మాట రాస్తే మీ వాదన బలపడదు. నిజమైన మూలం ఉన్నా కూడా మిమ్మల్ని ఎవరూ నమ్మని పరిస్థితి వస్తుంది.

8. మీ భద్రత, మీ మనశ్శాంతి

2025 ఫిబ్రవరిలో 'ఛావా' సినిమా వచ్చాక మరాఠా రాజు శంభాజీ మహారాజ్ గురించి ఇంగ్లిష్ వికీపీడియాలో ఉన్న కొన్ని మాటల మీద పెద్ద దుమారం రేగింది. వాటిని తీసేయాలని మహారాష్ట్ర సైబర్ విభాగం వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్‌కు నోటీసు పంపింది. కొందరు సంపాదకుల మీద కేసు కూడా నమోదు చేసింది. మన తెలుగు పేజీలకు అలాంటిది రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రతి సున్నితమైన వాక్యానికీ మంచి మూలం ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం లేదు. మీ సొంత అభిప్రాయంగా రాసిన వాక్యానికి మీరే జవాబుదారీ. చరిత్రకారుడి పేరు చెప్పి రాసినదానికి ఆయన పుస్తకం మీ పక్కన నిలబడుతుంది.

వాడుకరి పేరుగా అసలు పేరు పెట్టాలన్న నియమం లేదు. ఊరు, ఉద్యోగం, ఫోన్ నంబరు వాడుకరి పేజీలో పెట్టకండి. చర్చల్లో ఎవరైనా బెదిరిస్తే జవాబివ్వకుండా నిర్వాహకులకు చెప్పండి. ఒక పేజీ నిద్ర పట్టనివ్వడం లేదా? దాన్ని మీ వీక్షణజాబితా నుంచి నెలరోజులు తీసేసి, ఎవరూ పట్టించుకోని పేజీ ఒకటి చూడండి. దాచేపల్లి మండలంలోనే తంగెడ కోట ఉంది, నాగులేరు ఉంది. వాటి గురించి ఓపిగ్గా చదివి రాసేవాళ్ళ కోసం పేజీలు ఎదురుచూస్తున్నాయి.

ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఊరి పేజీ తెరవండి. చరిత్ర విభాగంలో మూలం లేని వాక్యం ఒక్కటి వెతకండి, తప్పకుండా దొరుకుతుంది. దాన్ని వెంటనే తీసేయకండి. ఎవరు, ఎప్పుడు చేర్చారో చూడండి. చర్చ పేజీలో మర్యాదగా అడగండి. ఈలోగా మీరూ ఒక పుస్తకం వెతకండి. పుస్తకం దొరికితే పేజీ సంఖ్యతో చేర్చండి. దొరకకపోతే, జవాబూ రాకపోతే, కారణం రాసి తీసేయండి. మళ్ళీ వారం ఇంకో వాక్యం.

మీ ఊరి గురించి మీకంటే ప్రేమగా రాసేవాళ్ళు రారు. అందుకే, దయచేసి, ఒక గొడవ జరిగిందని ఆ పని మధ్యలో వదిలేయకండి.